నల్లా మీటరు ఇంటి వాడకం చెప్పదు: నీటి లెక్కలో అపోహలు - వాస్తవాలు

అపోహ: మీటరు చూస్తే ఇంట్లో ఎన్ని నీళ్లు వాడుతున్నామో తెలిసిపోతుంది.

వాస్తవం: హైదరాబాద్‌లో చాలా కాలనీలకు నల్లా రోజు విడిచి రోజే వస్తుంది. వచ్చిన కాసేపట్లో సంపు ఎంత తాగిందో మీటరు అంతే చెబుతుంది. అవి ఎప్పుడు, ఎక్కడ ఖర్చయ్యాయో దానికి పట్టదు. బోరు, ట్యాంకరు నీళ్లు దాని లెక్కలోకే రావు. పైగా నీళ్లకు ముందు ఖాళీ పైపులోని గాలి తోసుకొచ్చి మీటరును ఉత్తినే తిప్పుతుంది.

కొలవాల్సింది సంపుకీ మిద్దె మీది ట్యాంకుకీ మధ్య. అడ్డంగా ఒక మీటరు వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో 10 సెంటీమీటర్ల ఎత్తు అంటే సుమారు 78 లీటర్లు. మూత దగ్గర ట్యాంకు సన్నబడుతుంది కాబట్టి నిలువు గోడ ఉన్నచోటే గుర్తులు పెట్టండి. ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే వాల్వు మూసి మోటారు వేయండి. 40 సెంటీమీటర్లు ఎక్కడానికి 8 నిమిషాలు పడితే మోటారు నిమిషానికి 39 లీటర్లు తోస్తున్నట్టు. ఇక రోజూ ఒకే గుర్తుదాకా నింపి, మోటారు నడిచిన నిమిషాలు గోడ క్యాలెండర్ మీద రాస్తే చాలు. ట్యాంకు పొంగిపోయిన రోజు లెక్క పనికిరాదు.

మనిషికి 135 లీటర్ల ప్రమాణంతో నలుగురికి రోజుకు 540 లీటర్లు, అంటే 14 నిమిషాల మోటారు. చుట్టాలెవరూ రాకుండానే 25 నిమిషాలు దాటుతోందా? ఎక్కడో కారుతోందేమో చూడండి.

అపోహ: హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమే కదా, లెక్కెందుకు?

వాస్తవం: నలుగురికి పంచితే మనిషికి రోజుకు 166 లీటర్లు. సరిపోయే నీళ్లే, లీకు లేకపోతే.

అపోహ: లీకుంటే చప్పుడు వినిపిస్తుంది.

వాస్తవం: ఫ్లష్ ట్యాంకు చప్పుడు లేకుండానే కారుతుంది. రాత్రి అందులో చిటికెడు మిఠాయి రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకండి. రంగు కమోడ్‌లోకి దిగితే చాలావరకు అడుగు వాషరు పోయినట్టే. బోరు నీళ్ల ఇళ్లలో తరచుగా దాని మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వెనిగర్‌లో నానబెట్టి రుద్దితే కొన్నిసార్లు బాగవుతుంది, రబ్బరు గట్టిపడి ఉంటే మార్చాల్సిందే. రంగు దిగినా దిగకపోయినా నీటి మట్టం చూడండి: ట్యాంకులో నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు అంగుళం కిందే ఆగాలి. నీళ్లు ఆదా అవుతాయని ట్యాంకులో ఇటుక మాత్రం వేయకండి, అది కరిగి వాషరు కిందకి ఇసుక చేరుతుంది.

అపోహ: అన్ని నల్లాలకూ ఏరేటర్ (ధారలో గాలి కలిపే జాలీ మూతి) పెడితే సగం నీళ్లు మిగులుతాయి.

వాస్తవం: బకెట్ నింపే నల్లాకు పెడితే బకెట్ ఆలస్యంగా నిండుతుంది, అంతే. చేతులు కడిగే బేసిన్‌కూ, గిన్నెలు తోమే సింకుకూ పెట్టండి. ట్యాంకుకు సరిగ్గా కింద ఉన్న అంతస్తులో ఒత్తిడి చాలక ధార మరీ సన్నబడవచ్చు. అక్కడ వద్దు. పెట్టిన చోట నెలకోసారి విప్పి జాలీలో ఇరుక్కున్న ఇసుక దులపాలి.