రేకుల నీడ వేరు, వేపచెట్టు నీడ వేరు

మే నెల మధ్యాహ్నం రెండింటికి బస్టాపులో రేకుల షెడ్డు కింద నిలబడతారా, పక్కనే ఉన్న వేపచెట్టు కిందకి పోతారా అంటే ఎవరూ ఆలోచించరు, చెట్టు కిందకే పోతారు. చిత్రమేంటంటే, స్కూల్లో చెప్పే నీడ పాఠం ప్రకారం ఈ రెంటికీ తేడా ఉండకూడదు. కాంతికి అపారదర్శక వస్తువు (వెలుతురుని దాటనివ్వనిది) అడ్డొస్తే వెనకాల నీడ పడుతుంది, అంతే. పైగా రేకు పూర్తి అపారదర్శకం, చెట్టుకేమో ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంటుంది కాబట్టి లెక్క ప్రకారం రేకుల కిందే చల్లగా ఉండాలి. ఐదో తరగతి పిల్ల ఈ మాట అడిగిందనుకోండి, పెద్దవాళ్ళ దగ్గర సిద్ధంగా ఉండే జవాబు "చెట్టు ఆక్సిజన్ ఇస్తుంది కదమ్మా". ఆక్సిజన్‌కీ చల్లదనానికీ ఏ సంబంధమూ లేదు.

ఇబ్బంది ఎక్కడుందంటే, మనం కాంతిని ఒక పాఠంగా, ఉష్ణాన్ని ఇంకో పాఠంగా చెబుతాం. మొదటిదాంట్లో పారదర్శకం, పాక్షిక పారదర్శకం, అపారదర్శకం అని బట్టీ పట్టిస్తాం, రెండోదాంట్లో వహనం, సంవహనం, వికిరణం (వేడి కిరణాలుగా ప్రయాణించడం). ఆ వికిరణం దగ్గరికొచ్చేసరికి "సూర్యుడి వేడి భూమికి ఇలాగే చేరుతుంది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టి పరీక్షకి వెళ్ళిపోతాం. రెండు పాఠాలూ కలిసేది సరిగ్గా అక్కడే.

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ (యురేనస్ గ్రహాన్ని కనిపెట్టినాయనే) సూర్యుణ్ణి టెలిస్కోపులో చూడ్డానికి రకరకాల రంగు అద్దాలు అడ్డం పెట్టుకుంటూ ఒక సంగతి గమనించాడు. కొన్ని అద్దాల్లోంచి వెలుతురు తక్కువగా వస్తున్నా వేడి తగులుతోంది, కొన్నింటిలోంచి వెలుతురు బాగానే వస్తున్నా వేడి పెద్దగా లేదు. సరే చూద్దామని పట్టకంతో (ప్రిజంతో) ఎండని ఏడు రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టాడు. ఊదా నుంచి ఎరుపు వైపుకి వచ్చేకొద్దీ వేడి పెరిగింది. ఎరుపు దాటిన చోట, అంటే కంటికి ఏ వెలుతురూ కనిపించని చోట పెడితే ఇంకా పెరిగింది! మన పుస్తకాల్లో పరారుణ కిరణాలు అని రాసేది వీటినే. కాంతి లాంటివే, కాకపోతే మన కంటికి ఆనవు.

ఇవి సూర్యుడి నుంచే రావాలని లేదు. గోడ, బండరాయి, నీళ్ళ బిందె, మీరు, నేను, అన్నీ ఎప్పుడూ వీటిని వదులుతూనే ఉంటాయి, వేడి పెరిగేకొద్దీ ఇంకా జోరుగా. మండుటెండలో రేకు 60 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి పాత తుప్పు రేకు, 30 డిగ్రీల పైకప్పుతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు పరారుణ కిరణాలని కిందున్నవాళ్ళ నెత్తిన కుమ్మరిస్తుంది. అంటే రేకు సూర్యుణ్ణి ఆపింది నిజమే కానీ, ఆ పనిలో తనే ఒక చిన్న సూర్యుడై కూర్చుంది.

నమ్మకం కుదరకపోతే ఆ షెడ్డు కిందే నిలబడి నెత్తికి కాస్త పైన ఒక నోట్‌బుక్ అడ్డం పెట్టుకోండి. చుట్టూ గాలి మారలేదు, వెలుతురు పెద్దగా తగ్గలేదు, అయినా మాడుకి తగిలే సెగ ఠక్కున తగ్గుతుంది. మీరు నిలబడింది నోట్‌బుక్ నీడలో, కాకపోతే అది కంటికి కనిపించని నీడ. వేడి కిరణాలకీ నీడలుంటాయి. పైగా వాటి విషయంలో మన పారదర్శకం, అపారదర్శకం పట్టిక తలకిందులైపోతుంది. కిటికీ అద్దం వెలుతురుకి పారదర్శకమే కానీ మన ఒంటి నుంచీ రేకు నుంచీ వచ్చే వేడి కిరణాలకి దాదాపు గోడ లాంటిది. ఎండలో ఆపిన కారు లోపల ఉడికిపోవడానికి ఇదీ ఒక కారణం. చెత్త వేసే పల్చటి నల్ల కవరు దీనికి ఎదురు, వెలుతురుని ఆపేస్తుంది, వేడి కిరణాలని చాలావరకు వదిలేస్తుంది. వేడి కిరణాలని చూసే థర్మల్ కెమెరా ముందు ఆ కవర్లో చెయ్యి పెడితే వేళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. కాబట్టి పిల్లలతో "ఇది పారదర్శకమా, కాదా?" అని ఊరుకోకుండా "దేనికి?" అని కూడా అడిగించాలని నా అభిప్రాయం.

ఇక చెట్టు. ఆకుకీ అదే ఎండ తగులుతుంది కానీ అది రేకులా మాడిపోదు, వేళ్ళు లాగిన నీటిని ఆకులు ఆవిరిగా వదులుతూ ఉంటాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి ఖర్చవుతుంది, అంటే అదే లీటరు చల్లటి నీటిని మరిగే స్థితికి తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్ల పైచిలుకు. అందుకని ఆకు వేడి చుట్టుపక్కల గాలి వేడికి కాస్త అటూఇటుగానే ఉంటుంది, కిందకి సెగ దిగదు. చెట్టు కింద గాలి ఉష్ణోగ్రతలో తేడా నిజానికి కొద్దిపాటిదే, మనకి కలిగే హాయిలో ఎక్కువ భాగం ఆ సెగ లేకపోవడమే. చలివేంద్రం తాటాకు పందిరిది ఇంకో పద్ధతి. తాటాకుల మధ్య చిక్కుకున్న గాలి ఉష్ణాన్ని సరిగా దాటనివ్వదు, పైన ఎంత కాలినా అడుగు ఆకు అంత వేడెక్కదు.

టీవీలో 45 డిగ్రీలు అని చెబుతారే, అది కూడా నీడలో కొలిచిందే, ఎండలో కాదు. వాతావరణ కేంద్రాల్లో భూమికి నాలుగడుగుల ఎత్తున ఉండే తెల్లటి చెక్కపెట్టెలో థర్మామీటరు పెడతారు. స్కాట్లండు లైట్‌హౌస్ ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ రూపొందించిన పెట్టె అది. గోడలకి రెండు వరసల వాలు పలకలు, కప్పు కూడా రెండు పొరలు, మధ్యలో గాలి. ఒక్క పొరే ఉంటే అది కాలి లోపలికి సెగ కొడుతుందనే ఈ ఏర్పాటంతా.

రేకుల ఇళ్ళు ఉన్నపళంగా మారవు కాబట్టి సున్నం గానీ కూల్ రూఫ్ పెయింట్ గానీ వేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక విధానం తెచ్చింది. మెరిసే కొత్త రేకు ఎండని కొంత తిప్పికొడుతుంది గానీ తనలో చేరిన వేడిని కిరణాలుగా వదిలించుకోవడంలో మహా బద్ధకం. తెల్లరంగు ఆ రెండు పనులూ బాగా చేస్తుంది.

రాత్రిళ్ళు కథ తిరగబడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆరుబయట ఆపిన బండి సీటు మీద మంచు పట్టి ఉంటుంది, చెట్టు కింద ఆపినది చాలాసార్లు పొడిగానే ఉంటుంది. ఆకులు మంచుని పైనే పట్టేశాయనుకుంటాం గానీ మంచు వానలా పైనుంచి పడదు. ఆరుబయట బండి రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతుంది, దాన్ని తాకిన గాలిలోని తేమ నీటిబొట్లవుతుంది. చెట్టు కింద బండి వేడిని వదిలినా, పైనున్న ఆకులు ఇంచుమించు అంతే వేడిని తిరిగి పంపిస్తుంటాయి.