పులిరాజా నుంచి సురక్ష క్లినిక్ దాకా: సుఖవ్యాధుల భయం వెనుక కథ

నల్లగొండలో ఏ కటింగ్ షాపులో కూర్చున్నా "కొత్త బ్లేడు వెయ్యన్నా" అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. షాపతను మన కళ్ళ ముందే కాగితం విప్పి, బ్లేడును రెండుగా విరిచి కత్తిలో పెడతాడు. ఎయిడ్స్ భయంతో బలపడిన అలవాటిది. మంచిదే, హెపటైటిస్ బి క్రిమి ఒంటి బయట కూడా వారం రోజులు బతకగలదు. కానీ బ్లేడు గురించి ఇంత పట్టింపు ఉన్నచోట, ఎలాంటి లైంగిక కలయికతో ఏ సుఖవ్యాధి అంటుకుంటుందో మాత్రం చాలామందికి తెలియదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో ఎయిడ్స్ తెచ్చే వైరస్ హెచ్‌ఐవీని మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో ఏర్పడింది. వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాంతో అందరి చూపూ నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా విజయవాడ పోయే లారీల మీద, మేస్త్రీల వెంట ముంబై, పుణె వెళ్ళే పాలమూరు లేబర్ మీద పడింది. 2003 ప్రాంతంలో పులిరాజా అనే కల్పిత పాత్రతో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అనే ప్రచారం ఊరూరా మోగింది. కండోమ్ పేరు నలుగురిలో పలికే ధైర్యం అప్పుడే వచ్చింది. ఆ మేలు తక్కువది కాదు.

అయితే జబ్బు మనిషిని బట్టి వస్తుందన్న నమ్మకం కూడా ఆ రోజుల్లోనే పాతుకుపోయింది. డ్రైవర్లకు వస్తుంది, వలస పోయినోళ్ళకు వస్తుంది, మనకేమిటి అనుకున్నారు. భర్త తప్ప మరో మగాణ్ణి ఎరగని ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో పాజిటివ్ అని తెలుసుకున్నారు. నింద మాత్రం చాలా ఇళ్ళలో వాళ్ళ మీదే పడింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఇదే.

నిజానికి క్రిమికి ఊరూ వృత్తీ తెలియవు. చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ వ్యక్తితో కండోమ్ లేకుండా మలద్వారం ద్వారా కలిస్తే, స్వీకరించే వ్యక్తికి సోకే అవకాశం 10,000 సార్లలో దాదాపు 138 అని అంచనా. యోని ద్వారా అయితే స్త్రీకి దాదాపు 8, పురుషుడికి 4. నోటి ద్వారా చాలా తక్కువ, ముద్దుతో లేనట్టే. ఈ అంకెలు చూసి ధీమా పడితే మోసపోతాం, ఒక్కసారికే సోకినవాళ్ళు ఉన్నారు. జననాంగాల మీద పుండు ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది.

మిగతా జబ్బుల లెక్క వేరు. హెచ్‌ఐవీ అంతగా సోకని నోటి కలయికతోనే సెగరోగం (గనేరియా) గొంతులోకి చేరుతుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. సిఫిలిస్, నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్, పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌లకు చర్మం చర్మాన్ని తాకితే చాలు. కండోమ్ వీటి ముప్పును తగ్గిస్తుంది కానీ, అది కప్పని చోట పుండు ఉంటే ఆపలేదు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతటదే మానిపోతుంది. తగ్గిపోయింది కదా అని ఊరుకుంటే జబ్బు లోపలే ఉంటుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యేదాన్ని గోడల మీది 'గుప్తరోగ' ప్రకటనలు నమ్మి ముదరబెట్టుకోవడం ఎంత అన్యాయం!

సుఖవ్యాధుల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉన్న సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. హెచ్‌ఐవీ మందులు 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. వాటిని క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలకడగా ఉంటే కలయిక ద్వారా ఇతరులకు సోకదు. అనుమానం ఉన్న కలయిక జరిగితే 72 గంటల్లోపు డాక్టర్‌ను కలవాలి. 28 రోజుల మందుల కోర్సుతో హెచ్‌ఐవీని అడ్డుకునే వీలుంది. వెంటనే చేసిన పరీక్షలో నెగటివ్ వచ్చినా నమ్మకానికి లేదు, కౌన్సెలర్ చెప్పిన గడువుకు మళ్ళీ చేయించుకోవాలి.

వలస జిల్లాల్లో అసలు చిక్కు మరొకటి ఉంది. సెగరోగం లాంటి నయమయ్యే జబ్బుకు భార్య ఊళ్ళో మందు వాడి కోలుకుంటుంది, భర్త ముంబైలో పరీక్షే చేయించుకోడు. పండగకు ఇంటికొస్తే ఆమెకు మళ్ళీ అదే జబ్బు. అందుకే క్లినిక్‌లో జంటలో రెండోవారిని కూడా పిలుచుకు రమ్మంటారు. దూరాన ఉన్నవాళ్ళు దగ్గరలో ఎక్కడికి వెళ్ళాలో 1097కు ఫోన్ చేసి అడగొచ్చు, ఆ నంబర్ ముంబైలోనూ పనిచేస్తుంది.