ఉక్రెయిన్ యుద్ధం: మన చర్చల్లో పాతుకుపోయిన అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

నేను ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కులో పనిచేస్తాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్ మీద విరుచుకుపడిన నాటి నుంచి ఆ యుద్ధం తాలూకు ఏజెన్సీ వార్త నా బల్ల మీదికి రాని రాత్రి దాదాపు లేదు. పగలు ఇంకో పని ఉంటుంది. బంధువులు, మిత్రులు, పాఠకులు పంపే సందేశాలకు జవాబు చెప్పడం. "ఇది నిజమేనా అండీ?" అని అడిగేవారు కొందరు, "మీ పత్రికలు ఇవి ఎందుకు రాయవు?" అని నిలదీసేవారు కొందరు.

ఆ సందేశాల్లో అమెరికా ఉంటుంది, రష్యా ఉంటుంది, అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో ఉంటుంది, మన ప్రధాని ఉంటారు. బాంబుల కింద బతుకుతున్న నాలుగు కోట్ల మంది ఉక్రెయిన్ ప్రజలు మాత్రం ఉండరు. వాళ్లకూ ఒక అభిప్రాయం ఉందని, వాళ్లూ ఓట్లు వేసి ప్రభుత్వాలను ఎన్నుకున్నారని మనం తలచుకోము. నాకు తరచుగా ఎదురయ్యే అపోహల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: ఉక్రెయిన్ నాటోలో చేరబోయింది కాబట్టే రష్యా యుద్ధానికి దిగింది.

ఇందులో కొంత నిజం ఉంది. అందుకే ఇది ఇంత బలంగా నిలబడింది. 1990 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మాస్కోలో సోవియట్ అధినేత గోర్బచేవ్‌తో మాట్లాడుతూ, నాటో తూర్పు వైపు ఒక్క అంగుళం కూడా జరగదన్న మాట అన్నారు. అది జర్మనీ ఏకీకరణ గురించి జరిగిన సంభాషణ. ఏ ఒప్పందంలోనూ ఆ మాట చేరలేదు. తర్వాత తూర్పు ఐరోపా దేశాలు వరసగా నాటోలో చేరాయి, రష్యాకు అది కంటగింపుగానే ఉంటూ వచ్చింది. 2008లో బుకారెస్ట్‌లో జరిగిన నాటో సదస్సు ఉక్రెయిన్, జార్జియా ఏదో ఒక రోజు సభ్యులవుతాయని ప్రకటించి, అది ఎప్పుడో చెప్పకుండా వదిలేసింది. జర్మనీ, ఫ్రాన్స్ ఒప్పుకోకపోవడంతో ఉక్రెయిన్‌కు రక్షణా దొరకలేదు, రష్యా అనుమానమూ తీరలేదు. నా దృష్టిలో అది చేతగాని నిర్ణయం.

ఇప్పుడు తేదీలు చూడండి. 2010లో యనుకోవిచ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఉక్రెయిన్ పార్లమెంటు తమ దేశం ఏ సైనిక కూటమిలోనూ చేరదని చట్టం చేసింది. 2014 ఫిబ్రవరి చివర్లో గుర్తింపు చిహ్నాలు లేని రష్యా సైనికులు ఉక్రెయిన్‌లోని క్రిమియా ద్వీపకల్పాన్ని చేజిక్కించుకున్నప్పుడు ఆ చట్టం అమల్లోనే ఉంది. దాన్ని రద్దు చేసింది అదే ఏడాది డిసెంబరులో. అప్పటికి క్రిమియా పోయింది, తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్బాస్‌లో నెలల తరబడి రక్తం పారింది. తటస్థంగా ఉన్న కాలంలోనే ఉక్రెయిన్ తన భూమిని పోగొట్టుకుంది. మరోవైపు, రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. దాని మీదికి సేనలు కదలలేదు.

అసలు కారణాన్ని పుతిన్ ఏనాడూ దాచుకోలేదు. రష్యన్లు, ఉక్రెయిన్లు ఒకే ప్రజ అని 2021 జులైలో ఆయనే సుదీర్ఘ వ్యాసం రాశారు. దాడికి మూడు రోజుల ముందు టీవీ ప్రసంగంలో, నేటి ఉక్రెయిన్‌ను పూర్తిగా సృష్టించింది లెనిన్, ఆయన బోల్షివిక్కులేనని తప్పుపట్టారు. ఎర్రజెండా మీద అభిమానంతో పుతిన్‌ను సమర్థించే మన పెద్దలు ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలని నా విన్నపం. లెనిన్‌ను దోషిగా నిలబెట్టి యుద్ధం మొదలుపెట్టిన మనిషిలో లెనిన్ వారసుడు ఎలా కనిపిస్తున్నాడో నాకు అర్థం కాదు.

వియత్నాంలో, ఇరాక్‌లో అమెరికా చేసిన ఘోరాలను మరచిపోవాలని నేను అనడం లేదు. ఆ కోపం న్యాయమైనది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, దాన్ని తీసుకెళ్లి ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లో ఇల్లు కూలిన మనిషి మీద చూపడమే అన్యాయం.

అపోహ: కష్టకాలంలో మనకు అండగా నిలిచిన దేశం రష్యా. కృతజ్ఞత ఉండాలి.

సోవియట్ యూనియన్ అండగా నిలిచింది, నిజం. కానీ అది రష్యా ఒక్కటే కాదు, ఉక్రెయిన్ కూడా అందులో భాగమే. మన తూర్పు నావికాదళంలో దీర్ఘకాలం సేవలందించిన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ను 2021 మే 21న విశాఖ డాక్‌యార్డులో ఘనంగా సాగనంపారు. అది తయారైంది ఉక్రెయిన్‌లోని మికోలాయివ్ నౌకానిర్మాణ కేంద్రంలో. మన వైమానిక దళం నేటికీ నడుపుతున్న ఏఎన్-32 రవాణా విమానాలు కీవ్‌లోని ఆంతొనోవ్ సంస్థవి. 2024 డిసెంబరులో రష్యాలోని కలినిన్‌గ్రాద్‌లో మన నౌకాదళానికి అప్పగించిన ఐఎన్ఎస్ తుషిల్‌లో ఉన్న గ్యాస్ టర్బైన్లు కూడా ఉక్రెయిన్ తయారీయే. కృతజ్ఞత పంచవలసి వస్తే మికోలాయివ్ కార్మికులకూ వాటా ఉంది. ఆ నగరం మీద 2022లో నెలల తరబడి క్షిపణులు పడ్డాయి.

అపోహ: దోన్బాస్‌లో ఎనిమిదేళ్లలో 14 వేల మంది రష్యన్ భాషీయులను ఉక్రెయిన్ చంపేసింది.

ఈ సంఖ్య ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నుంచి వచ్చిందే. అందుకే చాలామంది నమ్ముతారు. ఆ నివేదికను తెరిచి చూస్తే కథ మారిపోతుంది. 2014 ఏప్రిల్ నుంచి 2021 చివరి వరకు మొత్తం మృతులు 14,200 నుంచి 14,400 మధ్య. అందులో సుమారు 4,400 మంది ఉక్రెయిన్ సైనికులు. సుమారు 6,500 మంది రష్యా అండతో వాళ్లతో పోరాడిన వేర్పాటువాద సాయుధులు. సామాన్య పౌరులు కనీసం 3,404 మంది, వాళ్లు రెండు పక్షాలను విడదీసే పోరు రేఖకు ఇరువైపులా చనిపోయారు. ఆ పౌరుల లెక్కలోనే 2014 జులై 17న కూల్చివేతకు గురైన మలేసియా విమానంలోని 298 మంది కూడా ఉన్నారు. ఆ విమానాన్ని కూల్చింది వేర్పాటువాదుల అధీనంలోని పొలం నుంచి ప్రయోగించిన, రష్యా నుంచి తెచ్చిన 'బుక్' రకం విమాన విధ్వంసక క్షిపణి అని 2022 నవంబరులో నెదర్లాండ్స్ న్యాయస్థానం తేల్చింది. అంటే ఉక్రెయిన్ సైనికుల శవాలను, విమాన ప్రయాణికుల శవాలను కూడా ఉక్రెయిన్ ఖాతాలోనే రాసి మనకు పంపుతున్నారు.

పౌర మరణాల్లో అత్యధికం మొదటి రెండేళ్లలోనివి. 2021లో ఏడాది మొత్తం మీద 25 మంది పౌరులు చనిపోయారు. ప్రతి ప్రాణమూ విలువైనదే, కానీ మరుసటి ఏడాది దండయాత్రకు దీన్ని కారణంగా చూపడం కుదరదు. రష్యన్ మాట్లాడేవారిని కాపాడడానికి మొదలైందన్న ఆ యుద్ధంలో నేలమట్టమైన మరియుపోల్‌లోనూ, నిత్యం దాడులు ఎదుర్కొన్న ఖార్కివ్‌లోనూ వీధుల్లో ఎక్కువగా వినిపించింది రష్యన్ భాషే. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ మాతృభాష కూడా రష్యనే.

అపోహ: ఉక్రెయిన్‌ను నాజీలు పాలిస్తున్నారు.

2019 పార్లమెంటు ఎన్నికల్లో అతివాద జాతీయవాద పార్టీలన్నీ కలిసి నిలబెట్టిన జాబితాకు వచ్చినవి 2.15 శాతం ఓట్లు. జాబితా సీట్లు దక్కాలంటే 5 శాతం కావాలి. అదే ఏడాది 73 శాతం ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు యూదుడు. ఉక్రెయిన్ తరఫున పోరాడే అజోవ్ దళానికి 2014లో పునాది వేసినవారిలో అతివాదులు ఉన్నారన్నది నిజం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఉగ్ర జాతీయవాది స్తెపాన్ బందేరాకు విగ్రహాలు ఉన్నాయన్నదీ నిజం. ఆ విషయంలో ఉక్రెయిన్‌ను అందరికంటే గట్టిగా నిలదీసేది దాని మిత్రదేశం పోలండే.

అపోహ: బుచా హత్యాకాండ ఒక నాటకం. వీడియోలో శవం చెయ్యి కదిలింది.

ఆ వీడియోను ఆపి ఆపి, ఒక్కో చిత్రంగా చూస్తే విషయం బోధపడుతుంది. అది కదులుతున్న కారులోంచి తీసినది. కీవ్ శివారు పట్టణం బుచాలోని యబ్లున్స్కా వీధి, రోడ్డుకు రెండు పక్కలా మృతదేహాలు. కారు ముందు అద్దం మీద ఒక నీటి బొట్టు ఉంది. కారు సాగుతుంటే ఆ బొట్టు ఒక దేహం మీదుగా జారినట్టు కనిపిస్తుంది. చెయ్యి కదిలిందని వాదించేవారు చూపించే క్షణం అదే. శవం లేచి కూర్చుందంటూ చూపించేది పక్క అద్దంలోని ప్రతిబింబం. ఆ అద్దం వంపు వల్ల వెనక ఉన్న ఇళ్లు, గోడలు కూడా అదే క్షణంలో వంగినట్టు కనిపిస్తాయి. శవాన్ని చూసినవారు గోడను చూడలేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆకాశం నుంచి వచ్చింది. రష్యా సేనలు 2022 మార్చి 30 ప్రాంతంలో బుచాను వదిలి వెళ్లాయి. తాము వెళ్లాకే శవాలను అక్కడ వేశారని రష్యా వాదించింది. మార్చి నెల మధ్యలో, పట్టణం ఇంకా రష్యా చేతిలో ఉన్నప్పుడు మాక్సార్ సంస్థ ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో అవే చోట్ల, అదే వీధిలో ఆ దేహాల ఆకారాలు ఉన్నాయి. ఏప్రిల్ 5న భద్రతా మండలిలో భారత ప్రతినిధి తిరుమూర్తి కూడా ఆ హత్యలను నిర్ద్వంద్వంగా ఖండించి, స్వతంత్ర దర్యాప్తు జరగాలన్నారు.

ఈ అపోహ గురించి నేను ఓపికగా మాట్లాడలేను. కన్నవాళ్లను, బిడ్డలను పోగొట్టుకున్నవారిని నటులని అనడం కంటే క్రూరమైన మాట ఇంకొకటి ఉండదు.

అపోహ: అబద్ధాలు ఆడేది రష్యా ఒక్కటే.

రష్యా విమానాలను వరసగా కూల్చాడంటూ తొలి రోజుల్లో ప్రపంచమంతా మోతెక్కిపోయిన 'కీవ్ భూతం' అనే పైలట్ ఎవరూ లేరు. ఆయన విన్యాసమంటూ తిరిగిన వీడియో ఒక కంప్యూటర్ ఆటలోది. ఆ వీరుడు ప్రజలు సృష్టించుకున్న గాథ అని 2022 ఏప్రిల్ చివరన ఉక్రెయిన్ వైమానిక దళమే ఒప్పుకుంది. నల్ల సముద్రంలోని పాముల దీవిలో వీరమరణం పొందారని ప్రకటించిన సైనికులు నిజానికి బందీలయ్యారు, తర్వాత ప్రాణాలతో తిరిగివచ్చారు. రాత్రి పేజీ వదిలే హడావిడిలో ఇలాంటివి చూస్తే వెంటనే అచ్చువేయాలన్న ఆశ కలుగుతుంది. డెస్కులో ఉన్నవాళ్లం ఆ ఆశను పక్కన పెట్టవలసిందే.

సైనిక నష్టాల లెక్కలదీ ఇదే తీరు. సొంత మృతుల సంఖ్యను రష్యా రక్షణ శాఖ చివరిసారి చెప్పింది 2022 సెప్టెంబరులో, 5,937 అని. ఉక్రెయిన్ సైనిక మృతులు జెలెన్‌స్కీ 2024 ఫిబ్రవరిలో 31 వేలు అన్నారు, ఏడాది తర్వాత 46 వేలు అన్నారు. ఎదుటివారి నష్టం గురించి ఏ పక్షం చెప్పే అంకెనైనా మా డెస్కులో 'అని ఫలానావారు ప్రకటించారు' అని చేర్చకుండా అచ్చుకు పంపము. లక్షల్లో చెప్పే అంకెల్లో గాయపడినవారు కూడా కలిసి ఉంటారు. వాటిని మృతులుగా చదవకండి.

అపోహ: 2022లోనే శాంతి ఒప్పందం కుదిరింది, బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ చెడగొట్టారు.

చదువుకున్నవారు, విదేశాంగ విధానం మీద ఆసక్తి ఉన్నవారు కూడా దీన్ని నమ్ముతున్నారు. మార్చి 29న ఇస్తాంబుల్‌లో రెండు పక్షాలు ఒక చట్రం దగ్గరికి వచ్చిన మాట వాస్తవం. ఉక్రెయిన్ నాటోకు దూరంగా ఉండాలి, బదులుగా పెద్ద దేశాలు దాని భద్రతకు హామీ ఇవ్వాలి. ఏప్రిల్ 9న జాన్సన్ కీవ్ వెళ్లారు, పోరాటం కొనసాగించమన్నారు. ఉక్రెయిన్ బృందానికి నాయకత్వం వహించిన అరహామియానే 2023లో ఈ మాట చెప్పారు. అదే సంభాషణలో ఆయన చెప్పిన మరో మాటను మాత్రం ఎవరూ పంచుకోరు. రష్యా మాట మీద నిలబడుతుందన్న నమ్మకం తమకు లేదన్నారు.

జాన్సన్ వచ్చి వెళ్లాక కూడా ముసాయిదాలు అటూ ఇటూ తిరిగాయి. ముడి పడింది ఒక నిబంధన దగ్గర. ఉక్రెయిన్ మీద మళ్లీ దాడి జరిగితే హామీ ఇచ్చిన దేశాలన్నీ ఒప్పుకుంటేనే సాయానికి రావాలని రష్యా పట్టుబట్టింది. ఆ హామీదారుల్లో రష్యా కూడా ఒకటి. దాడి చేసినవాడి అనుమతి ఉంటేనే కాపాడడానికి వచ్చే ఏర్పాటును ఏ దేశం ఒప్పుకుంటుంది? పైగా 1994లో బుడాపెస్ట్‌లో సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు చేస్తే, ఆ మాట మీద అణ్వాయుధాలన్నీ వదులుకున్న దేశం ఉక్రెయిన్. ఇదే సమయంలో బుచా బయటపడింది. ఇంత జరిగితే, నిర్ణయం తీసుకున్నది లండన్ నుంచి వచ్చిన అతిథి అని తేల్చేయడం ఉక్రెయిన్లకు సొంత బుద్ధి లేదనడమే.

అపోహ: మన విద్యార్థుల కోసం మోదీ ఆరు గంటలు యుద్ధాన్ని ఆపించారు.

2022 మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటకకు చెందిన వైద్య విద్యార్థి దాడిలో చనిపోయాడు. మర్నాడు మన రాయబార కార్యాలయం అత్యవసర సూచన జారీ చేసింది. ఖార్కివ్‌లోని భారతీయులంతా అక్కడి కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటల లోపు, బస్సులు దొరకకపోతే నడిచైనా సరే, పిసోచిన్, బబాయి, బెజ్ల్యుదివ్కా చేరుకోవాలన్నది దాని సారాంశం. ఆరు గంటల విరామం కథ ఆ సూచన చుట్టూ అల్లుకున్నదే. మార్చి 3న విదేశాంగ శాఖ ప్రతినిధి అరిందమ్ బాగ్చీని దీని గురించి అడిగితే, బాంబు దాడులను ఎవరో ఆపుతున్నారనడం పూర్తిగా తప్పని స్పష్టం చేశారు. ప్రభుత్వమే కాదన్న మాట తర్వాత ఎన్నికల ప్రచారాల్లో కూడా వినిపించింది.

ఆపరేషన్ గంగ మాత్రం నిజంగా పెద్ద పని. మన తెలుగు విద్యార్థులు సహా వేలమందిని పొరుగు దేశాల మీదుగా ఇంటికి చేర్చింది. మంచు పడుతుంటే, తిండి లేకుండా, సామాను ఖార్కివ్‌లో వదిలేసి కిలోమీటర్ల కొద్దీ నడిచిన ఆ పిల్లల కష్టాన్ని లేని యుద్ధవిరామం కింద కప్పిపెట్టవద్దు.

అపోహ: రష్యా సైన్యంలో సహాయకుడి ఉద్యోగమే కదా, యుద్ధానికి పంపరు.

ఈ అపోహ మన ఇళ్లలో ప్రాణాలు తీసింది. 2024 మార్చి 6న హైదరాబాద్ యువకుడొకరు చనిపోయినట్టు మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ మర్నాడే సీబీఐ పలు నగరాల్లో సోదాలు జరిపి, మనుషులను తరలించే ముఠా గుట్టు బయటపెట్టింది. యూట్యూబ్ వీడియోలో మంచి జీతం, సామాను మోసే పని, కొన్నాళ్ల తర్వాత రష్యాలో స్థిరపడే అవకాశం చూపిస్తారు. అక్కడికి చేరాక చేతికి ఇచ్చే కాగితం రష్యన్ భాషలో ఉంటుంది. అది సైనిక ఒప్పందం. సంతకం పెట్టాక కొద్దిపాటి శిక్షణ, ఆ తర్వాత కందకాలు.

2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది. 96 మంది తిరిగివచ్చారు. 12 మంది చనిపోయారు. మరో 16 మంది ఆచూకీ లేదని రష్యా తెలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో, ఇలాంటి పిలుపులకు దూరంగా ఉండాలని ప్రభుత్వం మళ్లీ హెచ్చరించవలసి వచ్చింది. మీ ఊళ్లో, మీ బంధువుల్లో ఎవరికైనా రష్యాలో ఉద్యోగమంటూ పిలుపు వస్తే, డబ్బు కట్టకముందే ఆ ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లోని గుర్తింపు పొందిన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే పాస్‌పోర్టు చేతికి ఇవ్వకండి.