టైరు పెరిగింది, యాక్సిల్ మారింది: ఆఫ్‌రోడ్ బండ్లలో ఈ మార్పిడి ఎక్కడ మొదలైంది?

ఆఫ్‌రోడ్ బండ్ల గురించి నలుగురు మాట్లాడుకుంటే డానా 35 యాక్సిల్‌కి (చక్రాలను తిప్పే ఇరుసు; డానా కంపెనీ పేరు, 35 మోడల్ నంబరు) తిట్లు తప్పవు. 1987లో వచ్చిన జీప్ రాంగ్లర్ వైజేకి వెనక ఉండేది అదే. పెద్ద టైర్లు వేసి రాళ్ల మీదికి ఎక్కిస్తే షాఫ్ట్ విరుగుతుందని పేరు. తర్వాత వచ్చిన, షాఫ్ట్‌ని లోపల చిన్న క్లిప్పు పట్టి ఉంచే సీ-క్లిప్ రకంలోనైతే షాఫ్ట్ విరిగాక చక్రం కూడా దాంతోపాటు బయటికి జారి వచ్చేస్తుంది. ఆ పేరు అబద్ధం కాదు కానీ, అన్యాయం. ఫ్యాక్టరీ ఆ బండికి మామూలుగా వేసింది 28 అంగుళాల లోపు టైరు. దానికి ఆ యాక్సిల్ బాగానే సరిపోయింది. 33, 35 అంగుళాలవి వేసుకున్నది యజమానులు.

అసలు జీపు ఎంత చిన్న టైరు మీద మొదలైందో ఇప్పుడు చాలామందికి గుర్తుండదు. 1941 నాటి విల్లీస్ ఎంబీకి 6.00-16 టైర్లు, సుమారు 60 హార్స్‌పవర్ ఇంజిన్. ముందూ వెనకా స్పైసర్ (ఆ కంపెనీ తర్వాతి పేరే డానా) యాక్సిళ్లు. డానా పేరుతో మనకు తెలిసిన యాక్సిళ్లు చాలావరకు ఆ వంశానివే. యుద్ధం అయ్యాక అమెరికాలో జీపు సరదా బండి అయింది. 1953లో కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్ మీద జీపర్స్ జాంబోరీ, 1967లో యూటాలోని మోయాబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ మొదలయ్యాయి. దారి కష్టమయ్యే కొద్దీ బండి కింద ఖాళీ ఎక్కువ కావాలి. బాడీని ఎన్ని అంగుళాలు లేపినా యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు కింద ఖాళీ పెరగదు. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అందుకే అందరూ టైరు మీద పడ్డారు.

పెద్ద టైరు యాక్సిల్‌ని ఎందుకు విరుస్తుందంటే, బరువు సగం కారణం మాత్రమే. చిన్న టైరు రాయి మీద పట్టు చాలక జారిపోతుంది. ఆ జారుడే షాఫ్ట్‌ని కాపాడుతుంది. గాలి తగ్గించి వేసిన 35 అంగుళాల టైరు అంత సులువుగా జారదు. పైగా 28 నుంచి 35కి వెళితే చక్రం వ్యాసార్ధం పావు వంతు పెరుగుతుంది. అంటే అదే పట్టుకి షాఫ్ట్ మీద పడే మెలి కూడా పావు వంతు ఎక్కువ. దానికి రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ తోడైతే, ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు మెలి అంతా రెండో వైపు షాఫ్ట్ మీదే పడుతుంది. ముందు యాక్సిల్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే మొదట పోయేది నకిల్ (చక్రం పక్కకి మళ్లే కీలు) దగ్గరి క్రాస్ జాయింటు.

ఇంకో తిరకాసు ఉంది. టైరు పెద్దదైతే బండి లాగదు, కాబట్టి గేర్ నిష్పత్తి (చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ వైపు షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క) మార్చాలి. 28 అంగుళాల టైరు మీద 4.10 ఉంటే 35 అంగుళాల టైరు మీద అదే లాగుడు రావడానికి సుమారు 5.13 కావాలి. అంత పెద్ద నిష్పత్తి అదే రింగ్ గేర్‌లో (యాక్సిల్ లోపలి పెద్ద పళ్లచక్రం) ఇమడాలంటే దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం, అంటే పినియన్, ఇంకా చిన్నదవ్వాలి. లాగుడు కోసం చేసిన పనే గేర్‌ని బలహీనం చేస్తుంది. గట్టి షాఫ్టులు, హౌసింగ్‌కి (యాక్సిల్ పైతొడుగుకి) వెల్డింగ్ పట్టీలు వేసి చిన్న యాక్సిల్‌ని కొంతకాలం నడిపించవచ్చు. కానీ 37 అంగుళాల టైరు వేసుకోవాలనే ఆలోచన ఉన్నవాళ్లకి ఆ ఖర్చు దండగే అంటాను.

అందుకే కళ్లు తుక్కు యార్డుల వైపు మళ్లాయి. డానా 35 రింగ్ గేర్ ఏడున్నర అంగుళాలకు కాస్త పైన, డానా 44ది ఎనిమిదిన్నర, డానా 60ది తొమ్మిదీ ముప్పావు. 1977లో మొదలైన షెవ్రొలె కె30, 1980ల చివరి ఫోర్డ్ ఎఫ్-350 లాంటి ఒక టన్ను పికప్‌ల ముందు డానా 60 ఉండేది. లోపలి షాఫ్టు మందం ఒకటిన్నర అంగుళం. వెనక్కి జీఎం వారి 14 బోల్టుల యాక్సిల్: పదిన్నర అంగుళాల రింగ్ గేర్, పినియన్ కొసకి అదనంగా ఇంకో బేరింగ్. ఇది ఫుల్ ఫ్లోటింగ్ రకం, అంటే బండి బరువుని హబ్ మోస్తుంది, షాఫ్ట్‌కి తిప్పే పని ఒక్కటే. లోపమల్లా డిఫరెన్షియల్ గుండు మరీ కిందికి దిగి ఉండటం. దాని అడుగు భాగాన్ని కోసి ప్లేటు వెల్డ్ చేసుకునేవాళ్లు. 44 అంగుళాల టైరు దాటినవాళ్లు సైనిక లారీల రాక్‌వెల్ యాక్సిళ్ల దాకా వెళ్లారు. టయోటా యజమానుల బాధ వేరు. 1986లో అమెరికా పికప్‌కి ముందు ఒక్కో చక్రం విడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ వచ్చింది. దాన్ని పీకేసి 1985 వరకు ఉన్న, రెండు చక్రాలనూ ఒకే గొట్టంతో కలిపే ఘన యాక్సిల్‌ని తిరిగి పెట్టుకోవడం ఒక పెద్ద అలవాటైంది.

కంపెనీలు ఇదంతా చూస్తూనే ఉన్నాయి. 2003 రాంగ్లర్ రూబికాన్ ముందూ వెనకా డానా 44తో, లాకర్లతో వచ్చింది. 2018 రూబికాన్‌కి 33, 2021లో అదనపు ప్యాకేజీగా 35 అంగుళాల టైర్లు ఇచ్చారు. అదే ఏడు ఫోర్డ్ బ్రాంకో కూడా 35తో దొరికింది. 2024 రూబికాన్ వెనక ఫుల్ ఫ్లోటింగ్ డానా 44 చేరింది.

అయినా మార్పిడి ఆగలేదు. 35 అంగుళాల టైరు ఫ్యాక్టరీ నుంచే వస్తే యజమాని చూపు 40 మీద పడుతుంది. మారింది యాక్సిల్ తెచ్చుకునే చోటు. పాత ట్రక్కుల డానా 60లు తగ్గిపోయాయి, దొరికినవి ప్రియమయ్యాయి. ఇప్పుడు చాలామంది బండికి తగిన వెడల్పుతో, బ్రాకెట్లతో పెట్టెలో వచ్చే కొత్త డానా 60 కొంటున్నారు. ఏబీఎస్ సెన్సర్లు, ఎలక్ట్రానిక్ లాకర్లు ఉన్న కొత్త బండికి ఇదే సులువు. తుక్కు యాక్సిల్ అయితే ఎనిమిది బోల్టుల చక్రాలు కొనాలి, సస్పెన్షన్ బ్రాకెట్లు, స్టీరింగ్ రాడ్లు, బ్రేకులు అన్నీ మార్చుకోవాలి, డ్యాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక లైట్లతో వేగాలి. చవగ్గా దొరికిందని తెచ్చుకున్న యాక్సిల్‌కి అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది.