ఆపరేషన్ తర్వాత మూత్రంలో మంట, క్రాన్‌బెర్రీ గోళీలు

గర్భసంచి తీసే ఆపరేషన్ బాగానే జరుగుతుంది, కుట్లు మానుతుంటాయి, ఇంతలో మూత్రంలో మంట మొదలవుతుంది. ఆపరేషన్ అన్నాక ఇలాంటివి మామూలేలే అని చాలామంది ఓర్చుకుంటారు. దయచేసి ఓర్చుకోకండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

అది లోపలికి వచ్చే దారి చాలాసార్లు కేథటర్, అంటే మూత్రం కోసం పెట్టే పైపు. పైపు ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది.

ఇలాంటి ఇన్ఫెక్షన్ రాకుండా కొందరు క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండుతో చేసిన గోళీలు వాడతారు. మరి ఆ క్రాన్‌బెర్రీ ఏం చేస్తుంది? మూత్రాన్ని పుల్లగా మార్చి క్రిములను చంపుతుందని ఒకప్పుడు అనుకునేవారు, అది నిలబడలేదు. ఈ ఇన్ఫెక్షన్‌ని ఎక్కువగా తెచ్చే ఈ-కోలై బ్యాక్టీరియాకి ఒంటినిండా సన్నని నూగులాంటి పోగులుంటాయి, వాటితోనే మూత్రాశయం గోడను పట్టుకుంటుంది. ఈ పండులోని ప్రోయాంథోసయనిడిన్లు అనే సహజ పదార్థాలు ఆ పట్టు దొరక్కుండా చేస్తాయని, పట్టులేని క్రిమి మూత్రంతోపాటు కొట్టుకుపోతుందని ఇప్పటి వివరణ. అంటే క్రిమి చావదు, అందుకే ఇన్ఫెక్షన్ వచ్చేశాక ఈ గోళీ మందు కాదు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు స్త్రీల ఆపరేషన్లు చేయించుకున్న 160 మందిని రెండు సగాలు చేసి, ఒక సగానికి ఆరు వారాలు క్రాన్‌బెర్రీ గోళీలు, ఇంకో సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గోళీలు ఇచ్చారు. ఫలితాలు 2015లో వచ్చాయి: ఉత్తుత్తి గోళీల వాళ్లలో 30 మందికి ఇన్ఫెక్షన్ వస్తే, క్రాన్‌బెర్రీ వాళ్లలో 15 మందికే వచ్చింది. సగానికి సగం! నాకు నిజంగా ఆశ పుట్టించిన లెక్క ఇది, కానీ ఒకే చోట 160 మందితో చేసిన పరీక్ష కాబట్టి అందరికీ ఇంతే మేలు జరుగుతుందని నేను చెప్పను. తుంటి ఎముక విరిగి ఆపరేషన్‌కి వచ్చిన పెద్ద వయసు స్త్రీలకి స్వీడన్‌లో ఇచ్చి చూస్తే తేడా కనబడలేదు మరి. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూకం వేసే కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2023లో 50 అధ్యయనాలను చూసి చేసిన సమీక్ష మాత్రం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలకీ, వైద్య ప్రక్రియల వల్ల ముప్పు పెరిగినవాళ్లకీ ఇది పనికొస్తుందనే తేల్చింది.

వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే గోళీతో ఆగకుండా అదే రోజు వెళ్లాలి. ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టర్ చూడ్డానికి వచ్చినప్పుడు మాత్రం గోళీ కంటే ముందు, పైపు ఎప్పుడు తీస్తారని అడగండి.