డాక్టర్ ఫీల్‌గుడ్ మోటు వాయింపు వెనక కథ

డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1975 జనవరిలో వచ్చింది, అదీ మోనోలో, అంటే శబ్దమంతా ఒకే చానెల్‌లో. అందరూ స్టీరియోలో ఒక్కో పాటను పావుగంట సాగదీస్తున్న రోజుల్లో అంత మొరటుగా, అంత సూటిగా వాయించడం వీళ్లకి ఎక్కడ అబ్బిందంటే, పబ్బుల్లో.

పబ్ అనగానే మన హైదరాబాద్ పబ్బులు గుర్తొస్తాయేమో, అది కాదు. పని దిగి వచ్చిన పేట జనం ఒక బీరు తీసుకుని కబుర్లాడుకునే చోటు. లండన్ కెంటిష్ టౌన్‌లో టాలీ హో అనే పబ్ ఉండేది, అక్కడ జాజ్ వాయించేవారు. 1971లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బ్యాండ్ అక్కడ చోటు సంపాదించుకుంది. వాళ్లని చూసి బ్రిన్స్‌లీ ష్వార్జ్, బీస్ మేక్ హనీ లాంటివాళ్లు వచ్చారు. ఇరుకు గది, చిన్న ఆంప్లిఫయర్లు, పాడేవాడికీ వినేవాడికీ మధ్య నాలుగడుగుల దూరం. అక్కడ పాట నచ్చకపోతే జనం మళ్లీ కబుర్లలో పడిపోతారు, కాబట్టి మొదటి దెబ్బకే పట్టుకోవాలి.

ఫీల్‌గుడ్ వాళ్లది లండన్ కూడా కాదు. థేమ్స్ సముద్రంలో కలిసే చోట, ఎసెక్స్ తీరాన ఉన్న కాన్వీ దీవి. 1953 వరదలో అక్కడ 50 మందికి పైగా పోయారు. ఆ తర్వాత చుట్టూ గోడలు, చమురు ట్యాంకులు. గిటారిస్టు విల్కో జాన్సన్ అక్కడే పుట్టాడు. న్యూకాసిల్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివి, రోడ్డు దారిన మన దేశం దాకా వచ్చి, తిరిగి ఊరెళ్లాక ఈ బ్యాండ్ గాయకుడు లీ బ్రిల్లోతో కలిశాడు.

నన్ను కట్టిపడేసేది విల్కో కుడిచెయ్యి. బ్యాండ్‌లో గిటార్ ఒక్కటే. పాటకి తాళం పట్టేదీ అదే, మధ్యలో మెరుపులు వేసేదీ అదే. తీగలు మీటే బిళ్ల (పిక్) లేకుండా ఉత్త వేళ్లతో తన టెలికాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ తీగల్ని కొడుతూ రెండు పనులూ ఒకేసారి చేసేవాడు, పైరేట్స్ బ్యాండ్ మిక్ గ్రీన్‌ని విని విని పట్టిన విద్య అది. దాన్ని మోటు అంటాం గానీ, కూర్చుని ప్రయత్నిస్తే తెలుస్తుంది ఎంత కష్టమో!

1976లో వీళ్ల లైవ్ ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. దారి వేసిన ఎగ్స్ ఓవర్ ఈజీ పేరు మాత్రం చాలామందికి తెలియదు, వాళ్లు 1971లో లండన్‌లో రికార్డు చేసిన పాటలు దశాబ్దాల పాటు బయటికే రాలేదు. అదే 1976లో బ్రిల్లో ఇచ్చిన 400 పౌండ్ల అప్పుతో స్టిఫ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ మొదలైంది. అక్టోబరుకల్లా, ఇలాగే మొరటుగా సూటిగా వాయించే పంక్ రాక్‌లో బ్రిటన్ తొలి సింగిల్ అక్కడి నుంచే వచ్చింది.