రాకెట్లలో అల్యూమినియం ఎలా కాలుతుంది? అపోహలు - వాస్తవాలు

2022 నవంబరులో హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తయారు చేసిన విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరినప్పటి నుంచి హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఘన ఇంధన రాకెట్ల మీద మోజు పెరిగింది. సంతోషమే. కానీ ఆ ఇంధనంలో కలిపే లోహపు పొడి, అంటే అల్యూమినియం సంగతి వచ్చేసరికి, ఈ పనిలో ఉన్నవాళ్లకు అవే మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: పొడి ఎంత మెత్తగా ఉంటే అంత బాగా కాలుతుంది.

వాస్తవం: మనం కలిపే రేణువు వేరు, కాలే రేణువు వేరు. మామూలు ఇంధన మిశ్రమంలో ఆక్సిజన్‌ను అందించే అమోనియం పెర్‌క్లోరేట్ అనే లవణపు పలుకులు, వాటిని పట్టి ఉంచే రబ్బరు, పదిహేను నుంచి ఇరవై శాతం దాకా అల్యూమినియం ఉంటాయి. మండే ఉపరితలం దగ్గర వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది. దాన్ని చుట్టుకున్న ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 దాటాలి. అందుకే రేణువు ఉపరితలానికి చేరినా వెంటనే అంటుకోదు. కిటికీ ఉన్న పీడన పాత్రలో ప్రొపెల్లెంట్ (ఈ ఇంధన మిశ్రమం) ముక్కను మండించి, హైస్పీడ్ కెమెరాతో చూస్తే ఆ తర్వాతి కథ తెలుస్తుంది. పెద్ద పలుకుల సందుల్లో చిక్కుకున్న రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులుగా పైకి లేస్తాయి. కాసేపు అలా వేలాడి, ఉన్నట్టుండి ముడుచుకుని గుండ్రటి చుక్కగా మారి, తెల్లగా వెలిగి ఎగిరిపోతాయి. ఆ చుక్కకు ఒక పక్కన ఆక్సైడ్ టోపీలా పేరుకుని ఉంటుంది. మిగతా పక్కల నుంచి లోహం ఆవిరై మండుతుంది.

వేసింది ఇరవై మైక్రాన్ల పొడి, వెళ్లేది వందా రెండు వందల మైక్రాన్ల ఉండ. వ్యాసం పదింతలైతే కాలే సమయం ముప్పై రెట్లకు పైనే పెరుగుతుంది. అల్యూమినియం సైజు గురించి తలలు బద్దలు కొట్టుకునేవాళ్లకు ముందు పెర్‌క్లోరేట్ పలుకుల సైజు చూడమని చెబుతాను. ఉండ ఎంత పెద్దదవుతుందో చాలావరకు తేల్చేది ఆ పలుకుల మధ్య సందులే.

మరి నానో పొడి? త్వరగా అంటుకుంటుంది, నిజమే. కానీ యాభై నానోమీటర్ల రేణువు మీద మూడు నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉందనుకుని లెక్క కట్టండి. ఘనపరిమాణంలో దాదాపు మూడో వంతు అప్పటికే కాలిపోయిన సరుకు! పైగా మిశ్రమం చిక్కబడి, అచ్చులో పోయడమే కష్టమవుతుంది. పొడి అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఈ మాట కనిపించదు.

అపోహ: అల్యూమినియం పొగే రాకెట్‌ను తోస్తుంది.

వాస్తవం: అల్యూమినియం ఆక్సైడ్ మోటారులో (ఘన ఇంధన రాకెట్ ఇంజనులో) ద్రవపు తుంపరగా ఉంటుంది, వాయువులా వ్యాకోచించదు. వాయువుల వేగం తుంపరకు అందదు, దానివల్ల కొంత తోపు నష్టపోతాం. అసలు లాభం వేడిలో ఉంది. అది కాక, కాలే లోహం నీటి ఆవిరి నుంచీ కార్బన్ డయాక్సైడ్ నుంచీ ఆక్సిజన్ లాక్కుని, తేలికైన హైడ్రోజన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దీపావళి కాకరపువ్వొత్తి నుంచి రాలే తెల్లటి రవ్వలోనూ అల్యూమినియమే ఉండొచ్చు, కానీ అది గాలిలోని ఆక్సిజన్‌తో మండుతుంది. మోటారులో విడి ఆక్సిజన్ అంతగా మిగలదు. ఇక ఆ తుంపరను ఉత్త నష్టంగా కొట్టిపారేయకండి, మోటారు లోపల ఇంధనం మండే గదిలో పుట్టే ధ్వని కంపనాలను అణచివేసేది అదే.

అపోహ: గ్రాముకు ఎక్కువ వేడినిచ్చే లోహమే గొప్పది.

వాస్తవం: కాగితం మీద బోరాన్ అల్యూమినియాన్ని మించిపోతుంది. గ్రాముకు సుమారు 58 కిలోజౌళ్లు, అల్యూమినియానికి 31. కానీ బోరాన్ ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగి, జిగురుగా రేణువును కప్పేసి, ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు. బెరీలియం ఇంకా ఎక్కువ వేడినిస్తుంది, దాని ఆక్సైడ్ మాత్రం విషం.

అపోహ: కాలిన లోహమంతా నాజిల్ (వాయువులు బయటికి చిమ్మే మూతి) గుండా బయటికి పోతుంది.

వాస్తవం: పోదు. నాజిల్ కొంత భాగం మోటారు లోపలికి చొచ్చుకుని ఉంటే, వాయువు దాన్ని చుట్టి మలుపు తిరగాలి. సన్నటి తుంపర వాయువుతో పాటే తిరుగుతుంది. పైన చెప్పిన పెద్ద ఉండలు తిరగలేక నాజిల్ వెనుక గుంటలో పేరుకుంటాయి. అమెరికా స్పేస్ షటిల్‌ను పైకి లేపే ఘన ఇంధన బూస్టర్లలో పదహారు శాతం అల్యూమినియం ఉండేది. సముద్రం నుంచి తిరిగి తెచ్చి విప్పితే, లోపల వందల కిలోల చిట్టెం గడ్డకట్టి కనిపించేది. మండుతుండగానే అందులోంచి కొంత ఊడి నాజిల్ గుండా పోతే, ఆ క్షణం దారి ఇరుకై మోటారులో పీడనం చిన్నగా ఎగిసేది.